మిద్దె మీద అద్దెకున్న నర్సమ్మను ఖాళీ చేయించమంటున్నారు, ఏం చేయాలి?

కుట్టుమిషన్‌అమ్మ (కర్నూలు)
2020 ఏప్రిల్ 24, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మూడు రాత్రులుగా నిద్ర లేక ఈ రోజు రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదివి, తెలిసినవాళ్ళు చెప్పండి.

మాది కర్నూలు పాత ఊరు. కొండారెడ్డి బురుజు దాటి హంద్రీ వైపు పోయే సందుల్లో ఒకటి. కింద మేముంటాము, మిద్దె మీది రెండు గదులు అద్దెకిచ్చినాము. మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినాడు. ఆయనకు 66. షుగరు 20 ఏండ్ల నుంచి ఉంది, మూడేండ్ల కింద గుండెకు స్టెంటు వేసినారు. నాకు 58. మిషన్ కుడతాను. ఈ కరోనా వచ్చినాక జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఎవరూ లేరు. మనిషికి మూడు మాస్కులు ఇస్తామని గవర్నమెంటు చెప్పింది కదా, ఆ గుడ్డ మా పొదుపు సంఘానికీ వచ్చింది. పొద్దున్నుంచి దీపాలు పెట్టే దాకా అవే కుడుతున్నాను.

మిద్దె మీద ఉండేది పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. కాన్పుల వార్డులో పని. వాళ్ళ ఊరు పత్తికొండ పక్కన, అమ్మానాయన టమోటా పండిస్తారు. భర్త బెంగళూరులో కారు నడుపుతాడు, బండ్లు ఆగిపోయినప్పటి నుంచి అక్కడే ఉండిపోయినాడు. నాలుగేండ్ల కొడుకును ఉగాదికి నాలుగు రోజుల ముందు అమ్మగారింట్లో వదిలి వచ్చింది. అంతే, మళ్ళీ చూడలేదు. రాత్రి డ్యూటీ లేనప్పుడు పిట్టగోడ దగ్గర నిలబడి ఫోన్లో పిల్లోడితో మాట్లాడుతుంది. "నాన్నా, అన్నం తిన్నావా? ఏం కూర?" అని అడిగిందే అడుగుతుంటుంది. కింద మంచాలేసుకుని పడుకున్న మాకు వినిపిస్తుంటుంది. రెండేండ్లుగా మా ఇంట్లో ఉంది. మా ఆయనకు ఇన్సులిన్ ఎట్ల వేయాలో నాకు నేర్పింది ఆ పిల్లే.

మా ఊరి సంగతి మీరు టీవీలో చూస్తూనే ఉంటారు. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ కేసులు మా జిల్లావే. మా సందు రెడ్ జోన్‌లో ఉంది. సందు మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టినారు. కూరగాయలు బండి మీద వస్తే గిన్నె గోడ మీద పెట్టి తీసుకుంటాము. వాలంటీరు పిల్ల గేటు బయట నిలబడి, దగ్గుందా, జ్వరముందా, ఎవరన్నా బయటూరి నుంచి వచ్చినారా అని అడిగి ఫోన్లో ఎక్కించుకుని పోతుంది. ప్రతి గడపకూ వేపమండలు కట్టి, పసుపు నీళ్ళు చల్లుకున్నారు. నేనూ చల్లినాను.

ఈ నెల 14న డాక్టర్ ఇస్మాయిల్ హుస్సేన్ గారు పోయినప్పటి నుంచి భయం ఎక్కువయింది. రెండు రూపాయల డాక్టరని పాత ఊళ్ళో ఆయనకు పేరు. ఎంత ఇస్తే అంత తీసుకునేవాడు, మా పిల్లల జ్వరాలన్నీ ఆయన చేతిమీద తగ్గినవే. ఆయన పోయినాడని తెలిసి మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించలేదు. కానీ సందులో వేరే మాట మొదలయింది. అంత పెద్ద డాక్టరుకే అంటుకుంటే, ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళందరికీ ఉన్నట్టే కదా అని.

ముందు ఎదురింటి వదిన నన్ను గోడ దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. "ఆ పిల్లను పంపించెయ్ వదినా, అన్నకు అసలే బాగలేదు" అనింది. తర్వాత పాలాయన మా గేటుకు రావడం మానుకున్నాడు. మొన్న 21న సందులోని నలుగురు పెద్దమనుషులు వచ్చి గేటు బయట దూరం దూరంగా నిలబడినారు. మీకూ ఆమెకూ ఒకే మెట్లు, ఒకే తొట్టి, ఆమె బట్టలు మిద్దె మీద ఆరేస్తే ఆ గాలి మా ఇండ్లలోకి వస్తుంది, మే 3న లాక్‌డౌన్ అయిపోయే దాకా చూస్తాము, ఆలోపల ఖాళీ చేయించండి అని చెప్పినారు. గట్టిగా అరవలేదు. మర్యాదగానే చెప్పినారు. వాళ్ళు పోయినాక చూస్తే ఆ పిల్ల మెట్ల మీద నిలబడి ఉంది. డ్యూటీకి బయలుదేరింది, బ్యాగు భుజాన ఉంది. అంతా విన్నట్టుంది.

ఆ మరుసటి రోజు నుంచి తెల్లవారుజామున నాలుగింటికి మెట్ల మీద బిందె చప్పుడు వినిపిస్తుంది. మా మోటరు మార్చిలో కాలిపోయింది, బాగుచేసేవాళ్ళు రాలేదు. పైకి నీళ్ళు కావాలంటే పెరట్లో తొట్టిలో ముంచి మోసుకుపోవలసిందే. రోజూ ఏడింటికి నాతో మాట్లాడుతూ నీళ్ళు పట్టుకునే పిల్ల, ఎవరూ లేవకముందే చీకట్లో వచ్చి మోసుకుంటుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు కూడా నిద్ర ఆపుకుని నాలుగింటికే. బట్టలు బయట ఆరేయడం మానేసింది. గదిలోనే దండెం కట్టుకున్నట్టుంది.

మార్చి 22న ఆదివారం సాయంత్రం ఐదింటికి ఇదే సందులో అందరూ బయటికొచ్చి పళ్ళాలు కొట్టినారు. ఎదురింటి వదిన మనవడు మా మిద్దెకేసి చూసి "నర్సక్కా, నీకే" అని అరిచినాడు. ఆ పిల్ల సిగ్గుపడి లోపలికి పోయింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా సందులో మిద్దె ఉన్న ఇల్లు మాదొక్కటే. కింద ఇల్లు మునిగిపోయింది. నా పెండ్లి నాటి మిషన్ కూడా బురదలో పోయింది. రెండు రాత్రులు సందంతా నా మిద్దె మీదే ఉన్నారు. హిందువులు, ముస్లింలు, ముసలోళ్ళు, ఒక పచ్చి బాలింత, రెండు మేకలు. బొరుగులు తప్ప తినేదానికి ఏమీ లేదు, పిడికిలి పిడికిలి పంచుకున్నాము. మొన్న గేటు దగ్గరికి వచ్చిన నలుగురిలో ముగ్గురు ఆ రాత్రుళ్ళు నా మిద్దె మీద ఉన్నవాళ్ళే. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. భయపడినారు. నేనూ భయపడుతున్నాను. రాత్రి మా ఆయన దగ్గితే లేచి కూర్చుంటున్నాను. మా అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు. "నాయనకు ఏమన్నా అయితే రాష్ట్రం సరిహద్దులో పుల్లూరు టోల్‌గేటు దగ్గరే ఆపేస్తారమ్మా, నేను రాలేను, ముందు ఆమెను పంపించు" అని రోజూ ఫోన్ చేస్తాడు. వాడి బాధ వాడిది.

నాకు కావలసింది ఇది. ఒకే మెట్లు, ఒకే తొట్టి, ఆరేసిన బట్టలు, వీటివల్ల నిజంగా వస్తుందా? నేను ఖాళీ చేయించనంటే సందువాళ్ళు ఏమన్నా చేయగలరా? అన్నిటికన్నా ముందు, ఆ పిల్లతో నేను ఈ సంగతి ఎట్ల మాట్లాడేది?

---

బేతంచెర్ల‌నాపరాయి
ఏప్రిల్ 24, రాత్రి 11:25

అమ్మా, నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. పంపించేయండి. ఆమె మీద కోపంతో చెప్పడం లేదు. మీ ఇంటాయనకు షుగరు, గుండె రెండూ ఉన్నాయి. ఈ జబ్బు అట్లాంటి వాళ్ళనే తీసుకుపోతుందని డాక్టర్లందరూ చెప్తున్నారు. మా నాయనకు 71, ఆయాసం ఉంది. నేను పాలిష్ ఫ్యాక్టరీ మూసేసినప్పటి నుంచి గడప దాటలేదు, నా సొంత తమ్ముడినే ఇంట్లోకి రానివ్వలేదు. వాడు నాతో మాట్లాడటం లేదు. అయినా పర్వాలేదు, నాయన ఉంటే చాలు. ఆమెకు ఆసుపత్రి వాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండేదానికి చూపిస్తారు. మీ ఆయనకు ఇంకో చోటు లేదు.

---

కడప‌స్టాఫ్‌నర్సు
ఏప్రిల్ 25, పొద్దున 6:10

అక్కా, నైట్ డ్యూటీ దిగి ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని రాస్తాండా. నీ పోస్టు రెండుసార్లు చదివినా. ఆ నాలుగింటి బిందె నాకు తెలుసు.

నేను కడపలో ఐసోలేషన్ వార్డులో చేస్తా. ఈ నెల మొదట్లో మా ఇంటి ఓనరమ్మ గంటలో సామాన్లు తీసేయమనింది. అడ్వాన్సు కవరులో పెట్టి గేటుకు తగిలించి లోపల గడియ పెట్టుకుంది. ఐదు రాత్రులు డ్యూటీ రూములో పడుకున్నా, ఆరో రోజు మా తోటి సిస్టరు వాళ్ళింట్లో గది ఇచ్చింది. ఆ ఓనరమ్మను ఈ రోజుకీ తిట్టబుద్ధి కాదు. ఆమెకు చంటిబిడ్డ ఉండాది. కానీ ఒక్క మాట, "నాకు భయంగా ఉండాది పాపా" అని నా ముఖం చూసి చెప్పుంటే నేనే పోయేదాన్ని. ఆ కవరు మాత్రం మరిచిపోలేను.

ఇక నీ మాటకొస్తా. ఈ క్రిమి ముఖ్యంగా మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, దగ్గరగా కూర్చుని మాట్లాడినప్పుడు వచ్చే తుంపర్లతో అంటుకుంటాది. తలుపులేసిన గదిలో, దగ్గరగా, ఎక్కువసేపు, ఇదీ అసలు భయపడాల్సింది. దాని పైన కొవ్వు పొర ఉంటాది. సబ్బుకు ఆ పొర కరిగిపోతుంది, అది పోతే క్రిమి బతకలేదు. అందుకే సబ్బు సబ్బు అని అంత మొత్తుకునేది. ఉతికి కర్నూలు ఎండలో ఆరేసిన బట్టల మీదినుంచి గాలికి ఎగిరొచ్చి ఎదురింటోళ్ళకు అంటుకోదు. ఆ పిల్లను మిద్దె మీదే ఆరేసుకోమను. గదిలో తడిబట్టలు ఆరేసుకుని ఆ చెమ్మకు ఆమెకే దగ్గు వస్తే, ఆ దగ్గు విని సందంతా మళ్ళీ గోల చేస్తారు.

మెట్ల కమ్మీ, గేటు గడియ, ఇట్లాంటి ఇనుము, ప్లాస్టిక్ మీద మాత్రం కొంతకాలం ఉంటాది. పొద్దున, సాయంత్రం సబ్బు నీళ్ళ గుడ్డతో తుడువు. తొట్టిలో ముంచే చెంబు వేరువేరుగా పెట్టుకోండి. గేటు లోపల ఒక బకెట్టు, సబ్బు పెట్టు. ఆమె వచ్చినాక అక్కడ చేతులు, కాళ్ళు కడుక్కుని, ఏదీ ముట్టకుండా పైకి పోయి, వేసుకొచ్చిన బట్టలు సర్ఫు వేసిన వేడి నీళ్ళలో నానబెట్టి, తలస్నానం చేసినాకనే ఎవరితోనన్నా మాట్లాడాలి. బహుశా ఇదంతా ఆమె చేస్తానే ఉంటాది. మేము వార్డు నుంచి బయటికొచ్చేటప్పుడే ఒకసారి స్నానం చేస్తాము, ఇంటికొచ్చి ఇంకోసారి. నా చేతులు చూస్తే నువ్వు భయపడతావు, బ్లీచింగుకు తోలు లేచిపోయినాది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. అన్న షుగరు చూడటం, ఇన్సులిన్ పనులు ఆమె ఇప్పుడు చేయకూడదు. నువ్వే చెయ్. ఆయన ఆమెతో మాట్లాడితే కింద వాకిట్లో నిలబడి, ఆమె మిద్దె మీద నిలబడి మాట్లాడుకోవాలి, ఇద్దరికీ మాస్కు ఉండాల. పైన రాసిన అన్నకు కూడా ఇదే చెప్తా. మీ భయం తప్పు కాదు. అయితే నర్సును తీసేస్తే భయం పోదు. కూరగాయలబ్బితో మాస్కు లేకుండా పది నిమిషాలు బేరమాడితే అంతకన్నా ఎక్కువ ముప్పు.

ఆమెతో ఎట్ల మాట్లాడేది అని అడిగినావు. ముందు నీ భయం చెప్పు. తర్వాత "నువ్వు పోవద్దు" అని చెప్పు. ఈ రెండూ ఒకేసారి చెప్పొచ్చు అక్కా.

---

అనంత‌వకీలు
ఏప్రిల్ 25, మధ్యాహ్నం 1:15

చట్టం గురించి అడిగారు కాబట్టి చెబుతాను. మూడు రోజుల కిందటే, ఏప్రిల్ 22న, కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించారు. ఆరోగ్య సిబ్బందిని కొట్టడమే కాదు, వాళ్ళు ఉండేచోట బతకలేకుండా వేధించడం కూడా ఇప్పుడు హింస కిందికి వస్తుంది. శిక్ష 3 నెలల నుంచి 5 ఏళ్ళు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షల రూపాయలు. బెయిలు సులభంగా రాదు. ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారి 30 రోజుల్లో దర్యాప్తు పూర్తి చేయాలి.

అద్దె ఇల్లు మీది. ఎవరికి ఇవ్వాలో చెప్పే హక్కు వీధికి లేదు.

ఇంత చెప్పి కూడా, మీరు ముందుగా స్టేషనుకు వెళ్ళవద్దనే నా సలహా. కేసు పెడితే ఆమెకు చోటు దొరుకుతుంది, రేపటి నుంచి ఆ వీధిలో నడిచేది మాత్రం మీరూ ఆమే. మీ వార్డు సచివాలయానికి వెళ్ళి హెల్త్ సెక్రటరీని, అంటే ఏఎన్ఎం నర్సును, కలవండి. ఆమె వీధికొచ్చి అందరి ముందూ రెండు మాటలు చెబితే, అదే మాట మీరు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. అప్పటికీ ఎవరైనా గేటుకు తాళం వేస్తామనో, నీళ్ళు ఆపుతామనో అంటే మాత్రం ఆలస్యం చేయకుండా 100కు ఫోన్ చేయండి.

---

ఆదోని‌వాలంటీరు
ఏప్రిల్ 25, సాయంత్రం 7:50

పైన సార్ చెప్పింది నిజం. మా వార్డులో ఒక ఆశా అక్కకు ఇట్లే అయింది. ఏఎన్ఎం అమ్మ వచ్చి ఉపన్యాసం చెప్పలేదు. "మీకు ఏమేం అనుమానాలున్నాయో అడగండి" అని గంటసేపు ఎండలో నిలబడింది. మనుషులకు అడిగేదానికి ఎవరూ దొరకడం లేదమ్మా, అందుకే వాట్సాప్‌లో వచ్చిందే నమ్ముతున్నారు. మీ సందు వాలంటీరుకు కూడా చెప్పండి. రోజూ 50 ఇండ్ల గడపలు తొక్కుతాము, మమ్మల్ని చూసినా తలుపులేసుకునే ఇండ్లున్నాయి. ఆ అమ్మాయికి మీ నర్సమ్మ బాధ చెప్పకుండానే తెలుస్తుంది.

---

కుట్టుమిషన్‌అమ్మ
ఏప్రిల్ 28, రాత్రి 9:30

అందరికీ దండాలు. మూడు రోజులు రాయలేదు, మాస్కులు లెక్కకు అప్పజెప్పే గడువుండె.

బేతంచెర్ల నాయనా, నీ మాటకు నాకు కోపం రాలేదు. నీ మాట మా అబ్బాయి మాటే. ఆసుపత్రిలో వసతి ఉందా అని అడిగినాను. కోవిడ్ వార్డులో చేసేవాళ్ళకే లాడ్జిలో గదులిస్తారంట. కాన్పుల వార్డు వాళ్ళు ఇంటి నుంచే పోయి రావాల. కాన్పులు ఆగవు కదా. అనంతపురం నుంచి, రాయచూరు నుంచి, గద్వాల నుంచి కూడా పెద్దాసుపత్రికే వస్తారు. ఇంకా పరీక్ష చేయని గర్భిణీ పక్కన నిలబడి బిడ్డను బయటికి తీసే పిల్ల అది. నీ తమ్ముడికి ఒకసారి ఫోన్ చెయ్ నాయనా. ఇంట్లోకి రానివ్వకపోయినా ఫోన్లో మాట్లాడొచ్చు.

కడప చెల్లెమ్మా, నీ మాట పెట్టుకునే 26న పొద్దున నాలుగింటికి నేనూ లేచినాను. పెరట్లో లైటు వేసి, మాస్కు కట్టుకుని, తొట్టికి అవతల పది అడుగుల దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ పిల్ల బిందెతో దిగి నన్ను చూసి ఆగిపోయింది. నేనేమో అనేలోపే "అమ్మా, నెలాఖరుకు పోతాను, ఒక సిస్టరుతో కలిసి గది చూసుకుంటున్నాను, మీకు మాట రానివ్వను" అనింది. ఆ మాట ముందే కూడబలుక్కుని పెట్టుకున్నట్టుంది, ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

నేను చెల్లెమ్మ చెప్పినట్టే చెప్పినాను. నాకు భయంగా ఉంది తల్లీ, మా ఆయనను తలుచుకుని భయం, నిన్ను చూసి కూడా భయమే. అయినా నువ్వు పోవద్దు. పోతే నేను నిద్రపోలేను. ఇద్దరం కాసేపు ఏడ్చినాము. దగ్గరికి పోయి తలమీద చెయ్యి వేసేదానికి లేదు. ఆ పది అడుగులు నాకు హంద్రీ అంత వెడల్పు అనిపించింది.

తర్వాత ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాము. చెల్లెమ్మ చెప్పిన పనుల్లో సగానికి పైగా ఆ పిల్ల ముందునుంచే చేస్తుంది. కమ్మీ తానే తుడుస్తుందంట, నాకు తెలియనే తెలియదు.

నీళ్ళ సంగతి మా ఆయన చూసినాడు. సందులో చిల్లరకొట్టు పెట్టుకున్న భాయ్ ఉన్నాడు. ఈ నెల మొదట్లో ఆయన దగ్గర సరుకులు కొనొద్దని కొందరు అన్నారు. ఢిల్లీ తబ్లీగీ జమాత్ సభ సంగతి టీవీలో వచ్చినప్పుడు. 30 ఏండ్లు అప్పు పద్దు రాసుకుని బియ్యమిచ్చినాయన. ఆ పది రోజులు కొట్టు ముందు ఒక్కడే కూర్చుని ఉండేవాడు. మా ఆయన పోయి అడగ్గానే వాళ్ళింట్లో పాత అర హార్స్‌పవర్ మోటరు తీసి, ఉపవాసం ఉండి కూడా తానే భుజాన పెట్టుకుని తెచ్చి గేటు లోపల దించిపోయినాడు. "నాకూ ఆ పది రోజులు గుర్తున్నాయి అక్కా" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. పైపు చాలకపోతే ఎదురింటి వదిన కొడుకు గోడమీదినుంచి తమ పైపు చుట్ట ఇచ్చినాడు. వాళ్ళమ్మ లోపలినుంచి కేకేస్తానే ఉంది. ఇప్పుడు మిద్దె మీది డ్రమ్ములోకి నీళ్ళు పోతున్నాయి. ఆ పిల్ల రాత్రి డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. ఎన్ని రోజులకో.

సచివాలయం నుంచి ఏఎన్ఎం అమ్మ నిన్న వచ్చింది. ఆదోని పాపా, నువ్వు చెప్పినట్టే అడగమనింది. బట్టల గురించి ఎదురింటి వదినే అడిగింది. మాస్కు ఉతికి మళ్ళీ కట్టుకోవచ్చా, వేడినీళ్ళు తాగితే చస్తుందా, కోడిగుడ్లు తినొచ్చా, ఇట్ల చానా అడిగినారు. సందు చివరింటాయన మాత్రం "మాకు శాస్త్రం చెప్పొద్దు, మే 3" అని లోపలికి పోయినాడు. మిగిలినవాళ్ళు ఏమీ అనలేదు. ఒప్పుకున్నారో లేదో తెలియదు.

---

కుట్టుమిషన్‌అమ్మ
మే 4, రాత్రి 8:15

ఇంకొక సంగతి, దాంతోపాటే చిన్న సందేహం.

ఆ పిల్లకు కోవిడ్ వార్డు డ్యూటీ పడింది. నిన్న, 3వ తేదీనే పోయింది. వారం డ్యూటీ, తర్వాత 14 రోజులు లాడ్జిలో క్వారంటైన్ అంట. పొద్దున ఆరింటికి ఆసుపత్రి బండి బొంగుల అవతల ఆగింది. చిన్న సూట్‌కేసు, పిల్లోడి ఫోటో, నేను కుట్టిన 20 మాస్కులు. ఆసుపత్రిలో వాళ్ళకు వేరేవి ఇస్తారని తెలుసు, అయినా పెట్టినాను. తీసుకుంది.

సందు చివరింటాయన అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. గడువు రోజే పోతుంటే ఖాళీ చేయించినాననే అనుకుంటాడు. నేను నోరు పెద్దది చేసే మనిషిని కాదు. నిన్న మాత్రం సందు మధ్యలో నిలబడి అందరికీ వినపడేటట్టు చెప్పినాను. ఆ పిల్ల ఖాళీ చేసి పోలేదు. మన ఊరోళ్ళకు చేసేదానికి పోయింది. సామాన్లు పైనే ఉన్నాయి, తాళం నా కొంగున ఉంది, 21 రోజులకు ఇదే గదికి వస్తుంది. ఎవరూ పలకలేదు. భాయ్ తన కొట్టు దగ్గర లేచి నిలబడినాడు.

సాయంత్రం పైకి పోయి ఆమె కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోసి గదిలో లైటు వేసి వచ్చినాను. ఈ రోజూ వేసినాను. వచ్చే దాకా రోజూ వేస్తాను. కరెంటు బిల్లు గురించి మా ఆయన ఏమీ అనలేదు, రాత్రి బయట పడుకున్నప్పుడు పైకి చూసి "ఆపొద్దులే" అన్నాడు. మా అబ్బాయికి ఫోన్లో ఇదంతా చెప్పినాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె ఫోన్ నంబరు అడిగినాడు.

ఎదురింటి వదిన ఇంకా నాతో మాట్లాడటం లేదు. పైపు చుట్ట మాత్రం తిరిగి అడగలేదు.

సందేహం ఏమంటే, లాడ్జిలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళకు ఇంటి నుంచి తినేదానికి పంపితే తీసుకుంటారా? రెడ్ జోన్ నుంచి పంపితే ఒప్పుకుంటారా? వాలంటీరు పిల్ల చేర్పిస్తానంది. స్టీలు క్యారియరు పంపొచ్చా? ఆ పిల్లకు నా చేతి జొన్నరొట్టె, వంకాయ పుల్లగూర ఇష్టం. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కడప‌స్టాఫ్‌నర్సు
మే 5, పొద్దున 6:30

తీసుకుంటారు అక్కా. అయితే స్టీలు క్యారియరు వద్దు, లోపలికి పోయింది బయటికి ఇవ్వరు. పారేసే డబ్బాలో పెట్టి, ఆమె పేరు, గది నంబరు కాగితం మీద రాసి అతికించు. కింద సెక్యూరిటీ దగ్గర ఇస్తే తలుపు బయట పెట్టి పోతారు. ముందు ఆమెకు ఫోన్ చేసి అక్కడి సిస్టరును ఒకమాట అడగమను, ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంటాది.

పుల్లగూర ఎండకు పులిసిపోతాది, పొద్దున చేసి పొద్దున్నే పంపు. రొట్టెలు ఎండువి పంపు, నాలుగు రోజులుంటాయి. మాకు గుడ్లు, పండ్లు, పాలు అన్నీ బాగానే ఇస్తారు, కారమే ఉండదు. చెనక్కాయల పొడి ఒక డబ్బా నిండా పెట్టు. గదిలో ఒక్కతే తింటాది గానీ, కిటికీలోనుంచి పక్క గది సిస్టరుకు డబ్బా చూపించి ఊరిస్తాది. మేమూ అట్లే చేస్తిమి.